ఏ ఒత్తిడికి పేరుంది? ఫిల్మ్‌నగర్, సమగ్ర వైద్యం, మన జబ్బులు

సినీనటి సమంత తనకు మయోసైటిస్ ఉందని 2022 అక్టోబర్‌లో ప్రకటించారు. చేతికి సెలైన్ గొట్టం, ముందు మైకు, ఎదురుగా తెర మీద 'యశోద' సినిమా. ఆ ఫోటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి కండరాలను దెబ్బతీసే జబ్బు అది. 2024 ఫిబ్రవరిలో ఆమె ఒక వెల్‌నెస్ శిక్షకుడితో కలిసి 'టేక్ 20' అనే ఆరోగ్య సంభాషణలు మొదలుపెట్టారు. ఆమె ఒక్కరి వల్లే అని అనలేం గానీ, సినిమా లోకంలోనూ దాన్ని ఆనుకుని బతికే పత్రికల్లో, టీవీల్లోనూ ఒక మాట ఇప్పుడు బాగా తిరుగుతోంది. జబ్బుకు గోలీ వేస్తే చాలదట, ఆ జబ్బు వెనకాల ఉన్న ఒత్తిడి ఏమిటో కనిపెట్టాలట, మనిషిని గుండె వేరు, కడుపు వేరు అని ముక్కలు చేయకుండా మొత్తంగా చూడాలట. దీనికి సమగ్ర వైద్యం అని పేరు.

ఈ మాట తప్పని మేం అనటం లేదు. ఆ నటి జబ్బును వెక్కిరించడమూ మా పని కాదు. ఆడమనిషి ఒంట్లో బాగాలేదంటే నాటకమాడుతోంది అనే సమాజంలో, అందం మీద బతికే వృత్తిలో ఉండి తన జబ్బు పేరు బయటికి చెప్పడం చిన్న సంగతి కాదు. 2024 జులైలో ఆమె హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నెబ్యులైజర్‌తో పీల్చమని సలహా ఇచ్చినప్పుడు ఒక కాలేయ వైద్యుడు గట్టిగా తప్పుపట్టారు. తప్పుపట్టాల్సిందే, అది ప్రమాదకరమైన సలహా. కానీ ఆ వాదులాట అంతా ఇది సైన్సా, మూఢనమ్మకమా అన్న దగ్గరే తిరిగి అక్కడే చల్లారింది. ఒత్తిడిని వెతకాలి అంటున్నారు గదా, ఎవరి ఒత్తిడిని వెతుకుతున్నారు, ఎక్కడిదాకా వెతుకుతున్నారు అని రెండు పక్షాల్లో ఎవరూ అడగలేదు. మా విమర్శ అక్కడ మొదలవుతుంది.

ఒత్తిడి జబ్బు ఎట్లా అవుతుందో ముందు చెప్పుకుందాం. ఒంట్లో ఒత్తిడి అనే భావనను వైద్యంలోకి తెచ్చినవాడు హాన్స్ సెల్యె, 1936లో. మనిషికి బెదురు పుట్టినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, రక్తంలోకి చక్కెర వచ్చి పడుతుంది. పాము కనబడితే పరిగెత్తడానికి ఈ ఏర్పాటు పనికొస్తుంది. పాము పోయాక ఒళ్లు మళ్లీ తన స్థితికి రావాలి. పాము పోకపోతే? రోజూ అదే గుమ్మంలో ఉంటే? అప్పుడు ఆ పెరిగిన రక్తపోటు, ఆ చక్కెర అట్లాగే నిలిచిపోతాయి. 1993లో మెకీవెన్, స్టెల్లార్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ అరుగుదలకు ఒక పేరు పెట్టారు, అలోస్టాటిక్ లోడ్ అని. మన ఊళ్లల్లో దీనికి ఇంగ్లీషు పేరు అక్కర్లేదు. ఎద్దు మెడ మీద కాడి దించితే పుండు మానుతుంది, దించకపోతే మెడ కాయ కాస్తుంది. ఆ కాయ చూసి ఎద్దుకు చర్మవ్యాధి ఉందని ఎవరూ అనరు. మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంటున్నారు.

సమగ్ర వైద్యం చేసేవాళ్లు రోగికి ఒక ప్రశ్నల కాగితం ఇస్తారు. ఎన్ని గంటలు నిద్రపోతారు, రాత్రి ఎన్నింటికి తింటారు, పడుకునే ముందు ఫోన్ చూస్తారా, మనసులో కోపం దాచుకుంటారా, చిన్నతనంలో ఏదైనా గాయం ఉందా. మంచి ప్రశ్నలే. అయితే ఒక్కో ప్రశ్న వెనకా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అతనికి పడకగది ఉంది, తను ఎన్నింటికి తినాలో తనే తేల్చుకోగలడు, ఫోన్ ఆపేస్తే పోయే కూలి లేదు. ఈ కాగితంలో ఒత్తిడి అంటే ఆ మనిషి చర్మం లోపల ఉండేది, మరీ దూరం పోతే అతని ఇంటి కాంపౌండు గోడ దాకా వెళ్లేది. గోడ దాటదు.

గోడ దాటి చూద్దాం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర్నుంచి యూసుఫ్‌గూడ వైపు దిగితే కృష్ణానగర్ వస్తుంది. లైట్‌మన్లు, సెట్ పనివాళ్లు, ప్రొడక్షన్ బాయ్స్, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు ఎక్కువగా ఉండేది అక్కడా, చుట్టుపక్కల బస్తీల్లో. సినిమా పేరు చెప్పుకునే ఫిల్మ్‌నగర్‌లోనే, స్టూడియోల వెనక గుట్టల మీద బస్తీలున్నాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు పొద్దున్నే బంగళాల్లో పాచిపనికి పోతారు. మేం కృష్ణానగర్‌లో మాట్లాడిన లైట్‌మన్లలో ఒకాయనకు యాభై దాటాయి, షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మందులు సరిగా వేసుకుంటున్నావా అన్నా అని అడిగాం. ఆయన నవ్వాడు. "గోలి మింగాలంటే ముందు అన్నం తినాలె తమ్మీ. అన్నం తినాలంటే బ్రేక్ చెప్పాలె. షాట్ ఎప్పుడైతదో డైరెక్టర్‌కే తెల్వదు, నాకేం తెలుస్తది."

షుగర్ జబ్బు మీద ఇంతకంటే శాస్త్రీయమైన మాట మేం వినలేదు. ఇందులో జబ్బుంది, మందుంది, దానికి అడ్డం పడుతున్నదేమిటో ఉంది. అడ్డం పడుతున్నది ఆయన మనసులోని కోపం కాదు, కాల్షీటు.

కాల్షీటు చిన్న విషయమేమీ కాదు. 2025 ఆగస్టు 4న తెలుగు ఫిలిం ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ 30 శాతం కూలి పెంచమని పనులు ఆపేసింది. ఆ నెల మూడో వారం దాకా షూటింగులు నిలిచిపోయాయి. చివరికి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం దగ్గర రాజీ కుదిరింది. పత్రికలు శాతాల గురించే రాశాయి. కానీ చర్చల్లో నలిగిన పేచీల్లో పని గంటలు కూడా ఉన్నాయి. కాల్షీటు ఎన్నింటికి మొదలవ్వాలి, ఎన్నింటికి ముగియాలి, సెలవు రోజు పనికి ఏం ఇవ్వాలి. ఆ సమ్మెను కూలి సమ్మె అన్నారు. మా దృష్టిలో అది ఆరోగ్య సమ్మె కూడా. తన నిద్ర మీద, తన తిండి వేళ మీద తనకు కొంచెం పట్టు కావాలని వేలమంది ఒకేసారి అడగడం అది. ఒత్తిడిని గుర్తించడం అంటే అంతకంటే ఏముంది? అయినా ఒక్క సమగ్ర వైద్యుడూ ఆ సమ్మె గురించి మాట్లాడగా మేం చూడలేదు.

ఒత్తిడి అనేది పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకొచ్చే జబ్బు అని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. హీరోకి ఒత్తిడి, నిర్మాతకు టెన్షన్, కూలోడికి ఏముంది, తిని పడుకుంటాడు అంటారు. ఇది ఎంత అబద్ధమో తేల్చింది ఇంగ్లండ్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగులైన మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. గుండెజబ్బు చావులు పై అధికారుల కంటే అట్టడుగున ఉన్న బంట్రోతుల్లో, ద్వారపాలకుల్లో మూడు రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. పొగతాగడం, రక్తపోటు, కొలెస్టరాల్ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో ఎక్కువ భాగం అట్లాగే మిగిలిపోయింది. వీళ్లందరికీ ఉద్యోగముంది, జీతముంది, ఒకే ప్రభుత్వ వైద్యం అందుబాటులో ఉంది. తేడా మెట్టులో ఉంది. 1979లో కారాసెక్ అనే ఆయన పనిని రెండు కొలతలతో చూడమన్నాడు: పని ఎంత పిండుతోంది, ఆ పని మీద పనివాడికి ఎంత చలాయింపు ఉంది. పిండడం ఎక్కువ, చలాయింపు తక్కువ అయినచోట ఒళ్లు చెడుతుంది. హీరో కూడా కష్టపడతాడు, కాదనం. కానీ ప్యాకప్ చెప్పించగలడు. లైటు పట్టుకున్నవాడు చెప్పించలేడు.

మెట్టు అనగానే మన దేశంలో దాని అసలు పేరు కులం. 2022లో వ్యాస్, హాథీ, గుప్తా అనే ముగ్గురు పరిశోధకులు తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీశారు (అందులో తెలుగు రాష్ట్రాలు లేవు). అగ్రకుల హిందువుల కంటే దళితుల ఆయుష్షు మూడేళ్లకు పైగా, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువ. డబ్బు లేకపోవడం వల్లే ఇదంతా అనుకుంటాం కదా. ఆర్థిక స్థితి ఈ తేడాలో సగం కూడా వివరించలేకపోయింది. మిగతా సగం ఎక్కడుంది? తాగే నీళ్లలో, ఇంటి పక్క మురికి కాల్వలో, ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి ముట్టకుండా రాసిన చీటీలో. ఇల్లు అద్దెకు అడిగితే ఓనరు ముందు ఊరి పేరు, తర్వాత ఇంటి పేరు, తర్వాత ఏం తింటారు అని అడిగే ఆ మూడు ప్రశ్నల్లో. ఇది రోజూ గుమ్మంలో ఉండే పాము. దీనికి సమగ్ర వైద్యం కాగితంలో గడి లేదు.

గడి లేకపోగా, మన మీద నేరం మోపడానికి ఒక గడి తయారుగా ఉంది. అది తిండి గడి. సమగ్ర వైద్యం పేరుతో మన దగ్గర నడుస్తున్న దాంట్లో చాలాభాగం సాత్వికాహారం దగ్గరికి వచ్చి ఆగుతుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయంలో మనుషుల తిండిని సాత్వికం, రాజసం, తామసం అని విడగొట్టారు. తినే తిండిని బట్టి గుణం, గుణాన్ని బట్టి మనిషి. ఇప్పుడా వర్గీకరణ తెల్లకోటు వేసుకుని, తామసాహారం వాపు తెస్తుంది, ఒత్తిడి పెంచుతుంది అంటూ తిరిగొచ్చింది. వేపుళ్లు, చక్కెర నీళ్లు, పాలిష్ పట్టిన బియ్యం షుగర్ రోగికి మంచివి కావని చెప్పడం వేరు, అది వైద్యం. పెద్దకూర తినేవాడి మనసే మబ్బుగా ఉంటుందని చెప్పడం వేరు, అది వర్ణధర్మం. రెంటినీ ఒకే గ్లాసులో కలిపి తాగిస్తున్నారు. రేషన్ బియ్యం తప్ప గతిలేని ఇంట్లో చౌకగా దొరికే బలమైన తిండిని తీసేయమని చెప్పే వైద్యం సమగ్రమెట్లా అవుతుంది?

జబ్బుకు కారణం మనిషి లోపలే ఉందని జనానికి నేర్పింది ఒక్క వైద్యులే కాదు. ఫిల్మ్‌నగర్ కూడా నేర్పింది. 'ప్రేమాభిషేకం' (1981), 'గీతాంజలి' (1989), 'మాతృదేవోభవ' (1993) చూడండి. మూడూ జనం కళ్లనీళ్లు పెట్టుకుని చూసిన సినిమాలు. మూడింట్లోనూ నయంకాని జబ్బే కథను నడుపుతుంది. ఆ జబ్బు ఎందుకొచ్చిందో ఎవరూ అడగరు. పైనుంచి ఊడిపడుతుంది. దాని పని ఒకటే, పాత్రధారి త్యాగాన్ని, ప్రేమను, మాతృత్వాన్ని రుజువు చేయడం. బీదవాడి జబ్బుకు మన సినిమాల్లో ఆ గౌరవం కూడా ఉండదు. గుడిసెలో అమ్మ దగ్గుతుంది, డాక్టరు ఆపరేషన్‌కు ఇంత అంటాడు, హీరో డబ్బు కోసం బయల్దేరతాడు. ఇక మనసు జబ్బు సంగతి చెప్పనక్కర్లేదు. ఎర్రగడ్డ అనే ఊరి పేరును తిట్టుగా, జోకుగా మార్చింది మన హాస్య సన్నివేశాలే. అక్కడ ఒక పక్క మానసిక వైద్యశాల, ఇంకో పక్క ఛాతీ ఆస్పత్రి. జనం మనసు జబ్బుకూ ఊపిరితిత్తుల జబ్బుకూ పోయే చోటు అది. ఆ ఛాతీ ఆస్పత్రిని వికారాబాద్‌కు పంపించి ఆ స్థలంలో సచివాలయం కట్టాలని 2015 జనవరిలో ప్రభుత్వం అనుకుంది. పాత సచివాలయానికి వాస్తు బాగాలేదని! నిరసనలొచ్చి ఆగింది. పాలకుల ఒత్తిడికి కారణం వెతికే వాస్తు శాస్త్రముంది, క్షయ రోగి ఒత్తిడికే శాస్త్రం లేదు.

సమగ్ర వైద్యాన్ని నేరుగా కథగా తీసుకున్న సినిమా ఒకటుంది. 2003లో హిందీలో వచ్చిన 'మున్నాభాయ్ ఎంబీబీఎస్'. దాన్నే 2004లో చిరంజీవితో 'శంకర్‌దాదా ఎంబీబీఎస్'గా తెలుగులోకి తెచ్చారు. పుస్తకాల వైద్యం కంటే ప్రేమ గొప్పదని దాని వాదన. హిందీ మూలంలో ఒక సన్నివేశముంది. ఆస్పత్రి నేల తుడిచే ముసలాయన, తుడిచిన చోటే జనం తొక్కుతుంటే చిరాకు పడతాడు. హీరో వెళ్లి ఆయన్ను కౌగిలించుకుంటాడు, నువ్వు చేసే పనికి ధన్యవాదాలు అంటాడు. ముసలాయన మెత్తబడతాడు. మా విద్యార్థి మిత్రుల్లో చాలామందికి ఇది ఇష్టమైన సన్నివేశం. ఊడ్చే మనిషిని హీరో తాకడం తెర మీద అరుదు కాబట్టి ఆ ఇష్టాన్ని మేం తీసిపారేయం. అయితే రోగ నిర్ధారణను ఒకసారి సరిగ్గా గమనించండి. ఆయన ఒత్తిడికి కారణం ఎవరూ తనను ఆప్యాయంగా పలకరించకపోవడం అని కథ తేల్చింది, కౌగిలింత మందుగా రాసింది. ఆయన జీతమెంత, పర్మనెంటా కాంట్రాక్టా, ఆ నేల ఆయన కులమే ఎందుకు తుడవాలి అన్న ప్రశ్న తడిగుడ్డతో పాటు పక్కకు పోయింది. కౌగిలింత అయ్యాక ఆయన మళ్లీ తుడుస్తాడు, ఈసారి సంతోషంగా.

ఇక్కడ మనవాళ్ల సంగతీ కొంత చెప్పుకోవాలి. మొదటితరం చదువుకున్న దళితులకు ఒక జబ్బుంది, దానికి అమెరికాలో పేరు పెట్టారు. షెర్మన్ జేమ్స్ అనే నల్లజాతి పరిశోధకుడు నార్త్ కరోలినాలో జాన్ హెన్రీ మార్టిన్ అనే రైతును కలిశాడు. పాలేరుతనం లాంటి కౌలు బతుకులో పుట్టి, రాత్రింబవళ్లు పనిచేసి, నలభై ఏళ్లకు 75 ఎకరాలు సంపాదించాడాయన. నలభయ్యేళ్ల అప్పు ఐదేళ్లలో తీర్చాడు. యాభైల చివరికొచ్చేసరికి రక్తపోటు, కీళ్లవాతం, పొట్టలో పుండ్లు. కడుపులో కొంతభాగం కోసి తీసేయాల్సి వచ్చింది. చేతిలో వనరుల్లేకుండా, ఎదురుగా వివక్ష పెట్టుకుని, పట్టుదలతోనే నెగ్గుకొచ్చేవాళ్ల ఒళ్లు ఇట్లా మూల్యం చెల్లిస్తుందని జేమ్స్ ప్రతిపాదించాడు. హాస్టల్లో ఉండి, ఇంటికి ఫెలోషిప్‌లోంచి డబ్బు పంపి, క్లాసులో రెండింతలు చదివి, ముప్పైల్లోనే బీపీ గోలీ మొదలుపెట్టిన మిత్రులు మాకు చాలామందే తెలుసు. వాళ్లకు డాక్టర్లు చెప్పేది ఒకటే, టెన్షన్ తగ్గించుకోండి. ఎట్లా తగ్గించుకోవాలి? చదవడం మానేసా?

బాబాసాహెబ్ జీవితాన్నే తీసుకుందాం. ఆయనకు షుగర్, రక్తపోటు, నరాల నొప్పులు, కీళ్ల నొప్పులు. 1948 నుంచి బాగా ఇబ్బంది పడ్డారు, 1954లో నెలల తరబడి మంచం పట్టారు. ఆయన్ను పెళ్లాడిన సవితా అంబేద్కర్ స్వయంగా డాక్టరు. 1990లో మరాఠీలో వచ్చిన ఆమె జ్ఞాపకాల్లో ఆ జబ్బుల వివరాలు చాలా ఉన్నాయి. మనం మాత్రం ఆ పేజీలు గబగబా తిప్పేస్తాం. మహానుభావుడికి జబ్బేమిటి అన్నట్టు. ఉద్యమం లెక్కలో ఒళ్లు లేదు. ఊళ్లో బస్సు దిగి రాత్రి రెండింటికి మీటింగు, పొద్దున టీ, బన్ను, మళ్లీ మీటింగు. ఒంటి సంగతి మాట్లాడటం సుఖజీవుల పని అని మనమే అనుకున్నాం. ఆ ఖాళీలోకి సాత్వికాహారపు వైద్యులు వచ్చి కూర్చున్నారు.

ఒంటిని రాజకీయంగా చదివిన ప్రయత్నాలు ఈ హైదరాబాద్‌లోనే జరిగాయి. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'వైద్యుడు లేనిచోట' ఊళ్లల్లో ఎంతమంది చేతుల్లో నలిగిందో. 1991లో స్త్రీలు కలిసి రాసిన 'సవాలక్ష సందేహాలు' ఆడవాళ్ల జబ్బుల్ని ఆడవాళ్ల బతుకుతో కలిపి చెప్పింది. స్త్రీలను అడిగితే ఏం బయటపడుతుందో కేరళ సినీరంగం మీద హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో చూపించింది. షూటింగుల దగ్గర మరుగుదొడ్లు లేక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానుకుంటున్నారనీ, మూత్ర సంబంధమైన జబ్బులు తెచ్చుకుంటున్నారనీ అందులో ఉంది. హీరోయిన్‌కు కారవాన్ ఉంటుంది, జూనియర్ ఆర్టిస్టుకు ఏ చెట్టుచాటో. ఆ నివేదిక రాగానే సమంత ఒక ప్రకటన చేశారు. తెలుగు సినిమాలో లైంగిక వేధింపుల మీద వేసిన ఉపసంఘం ఇచ్చిన నివేదికను తెలంగాణ ప్రభుత్వం బయటపెట్టాలని అడిగారు. 2018లో ఇదే ఫిల్మ్‌నగర్‌లో, ఫిలిం ఛాంబర్ ముందు ఒక నటి ఒంటి మీద బట్టలు విప్పి నిరసన చెప్పాల్సి వచ్చాక నడిచిన పోరాటాల ఫలితం ఆ ఉపసంఘం. ఆరోగ్యం మీద ఆమె చేసిన గంటల సంభాషణలన్నిటికంటే ఈ చిన్న ప్రకటనే అసలైన సమగ్ర వైద్యమని మా అభిప్రాయం. ఎందుకంటే అది జబ్బు కారణాన్ని చర్మం బయట, పనిచోట, అధికారం ఉన్నవాళ్ల దగ్గర వెతికింది. దాన్ని ఆరోగ్య సంభాషణగా ఎవరూ లెక్కేయలేదు.

1700లో ఇటలీలో రామజ్జీని అనే వైద్యుడు పనివాళ్ల జబ్బుల మీద పుస్తకం రాశాడు. తన ఇంట్లో మలం గుంట శుభ్రం చేస్తున్న ఒకతను ఎందుకంత తొందర పడుతున్నాడని అడిగితే, ఇంకాసేపుంటే కళ్లు పోతాయి అని అతను చెప్పాడట. ఆ జవాబు ఆ పుస్తకానికి బీజం. పాతకాలం నుంచి వైద్యులు రోగిని అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు రామజ్జీని ఒకటి చేర్చాడు: నువ్వేం పని చేస్తావు? ఆ ప్రశ్న నేర్పిన గురువు ఒక పాకీ పనివాడు.

2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు పెట్టారు. మంచి పనే, బీపీ, షుగర్ గోలీలు దగ్గర్లోనే దొరుకుతున్నాయి. ఒక దవాఖానలో డాక్టరమ్మను అడిగాం, వచ్చినవాళ్లను ఏం పని చేస్తారని అడుగుతారా అని. చిన్న వయసావిడ, బయట లైను చాలా ఉంది. "కొందరిని అడుగుతానండీ, తెలుస్తుంది కూడా," అంది. రిజిస్టరు మా వైపు తిప్పింది. పేరు, వయసు, ఆడా మగా, బీపీ, షుగర్, ఇచ్చిన మందు. "చెప్పింది ఎక్కడ రాయమంటారు?"